పలాసలో ఆగిన బండి

ఇది రాయడానికి కూర్చున్నప్పుడల్లా ముందు లేచి వెళ్ళి తలుపు గడియ చూసి వస్తున్నాను. ఇంట్లో ఎవరూ లేరు. అయినా చూస్తున్నాను. ఇన్నేళ్ళుగా ఒక మాటని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. అది అరగదు, బయటికీ రాదు. అన్నం తినేటప్పుడు గొంతుకి అడ్డుపడుతుంది. ఎవరైనా నన్ను మంచి కోడలని మెచ్చుకుంటే మరీ అడ్డుపడుతుంది. మా ఊళ్ళో అలా మెచ్చుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. అదే నా ఖర్మ.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనివ్వను. ఊరి పేరు కూడా చెప్పను. వజ్రపుకొత్తూరు వైపు, కొబ్బరి తోటలూ జీడి తోటలూ దాటితే సముద్రం హోరు వినిపించే ఊళ్ళలో ఒకటి అనుకోండి. అంగన్‌వాడీలో పిల్లలకి పాటలు చెప్పే ఉద్యోగం నాది. పిరికిదాన్ని. ఇది ముందే చెప్పేస్తే మంచిది. చిన్నప్పటినుంచీ ఖాకీ బట్టలు కనిపిస్తే పక్క సందులోకి తప్పుకునే రకం.

ఆ రోజుల్లో ఇంట్లో ఉండేది మా అత్త, నేను. మా ఆయన గుజరాత్‌లో ఒక రేవు దగ్గర పనిలో ఉండేవాడు. మరిది మిలటరీలో ఉండేవాడు. అత్త అతన్ని చిన్నోడు అనేది, ఇక్కడ నేనూ అలాగే అంటాను. అత్తకి కిడ్నీలు పాడయ్యాయి. మా ఉద్దానంలో ఇంటింటా ఉన్న ఆ జబ్బు గురించి ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. రోజు విడిచి రోజు ఆటోలో పలాస తీసుకువెళ్ళి, డయాలసిస్ చేయించి, సాయంత్రానికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టేదాన్ని. ఆమె నోరు పెద్దది, మనసు మెత్తన. నన్ను తిట్టకుండా ఒక్క పూట గడిపేది కాదు, నేను తినకుండా ఒక్క పూట తినేది కాదు.

చివరిసారి చిన్నోడు సెలవులో వచ్చినప్పుడు తల్లీకొడుకులకి పెద్ద గొడవ అయింది. తన కిడ్నీ ఇస్తానన్నాడు. అత్త ఎగిరిపడింది. ఒళ్ళు కోయించుకుంటే మిలటరీలో ఉంచుతారా, నీకు పెళ్ళెవరు చేస్తారు అని మొదలుపెట్టి, ఆఖరికి, ఆ మాట మానేదాకా నా ఎదటికి రావద్దు అనేసింది. అతను అలిగి, ఆమె చేసిపెట్టిన కొబ్బరుండల డబ్బా కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు. అత్త ఆ డబ్బా చూసి రెండు రోజులు ఏడ్చింది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను ఆడిన అబద్ధం ఈ గొడవ మీదే నిలబడింది.

ఇంకొక సంగతి కూడా మీరు తెలుసుకోవాలి. మా ఊళ్ళనుంచి సైన్యంలోకి పోయిన కుర్రాళ్ళు ఎక్కువ. వాళ్ళకి సెలవు దొరక్కపోయినా, ఒక చోటినుంచి ఇంకొక చోటికి పోతూ బండి పలాస మీదుగా వెళ్తుందంటే చాలు, ఇంట్లోవాళ్ళు స్టేషన్‌కి పరిగెత్తుతారు. బండి ఆగిన కాసేపట్లో కిటికీ ఊచల మధ్యనుంచి చెయ్యి పట్టుకోవడం, మూట అందించడం, బండి కదులుతుంటే పక్కన నడవడం. అంతే. దాన్ని మేము సెలవు కిందే లెక్కేసుకుంటాం. అత్తకైతే అది పండగ. తెల్లవారుజామునే లేచి కొబ్బరి కోరడం మొదలుపెట్టేది.

అప్పుడు సరిహద్దులో కాల్పులు మొదలయ్యాయి. టీవీలో రోజంతా అవే అరుపులు. చిన్నోడి ఫోన్ తగ్గిపోయింది. అత్త మళ్ళీ కొబ్బరుండలు చేసి డబ్బాలో పోసి ఉంచింది. ఎప్పుడు పలాస మీద పడతాడో తెలియదు కదా, సిద్ధంగా ఉండాలి అంది.

ఆ వారంలోనే నేనొక తెలివితక్కువ పని చేశాను. టెక్కలి నుంచి బస్సులో వస్తుంటే హైవే మీద మిలటరీ లారీలు వరసగా పోతున్నాయి. బస్సులో అందరూ చేతులూపారు. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. కిటికీలోంచి వీడియో తీసి, మా మరిది లాంటి బిడ్డలు వెళ్తున్నారు, దేవుడు చల్లగా చూడాలి అని రాసి స్టేటస్‌లో పెట్టాను. ఎవరో దాన్ని తీసి గ్రూపుల్లో తిప్పేశారు. మర్నాడే పోలీస్‌స్టేషన్ నుంచి కబురు.

ఒక్కదాన్నే వెళ్ళాను. అక్కడున్న ఎస్సై గారు తిట్టలేదు, చెయ్యి ఎత్తలేదు. మంచినీళ్ళు ఇప్పించారు. నా ఫోన్ తీసుకుని అన్నీ చూశారు, వీడియో ఆయన ఎదురుగానే తీసేయించారు. మీ ఆయన ఎక్కడుంటాడు అని అడిగారు. చెప్పాను. ఆయన నిదానంగా అన్నారు. మొగుడేమో సరిహద్దు పక్క రేవులో, మరిదేమో మిలటరీలో, నువ్వేమో లారీల వీడియోలు పెడతావు, ఇవన్నీ ఒకచోట చేరిస్తే చూసేవాళ్ళకి ఎలా కనపడుతుందో ఆలోచించుకో అమ్మా. లారీలు గానీ రైళ్ళు గానీ మనుషులు గానీ ఎటు పోతున్నారో ఇకమీదట నీ నోట్లోంచి రాకూడదు. ఇంట్లోవాళ్ళతో కూడా.

ఇంట్లోవాళ్ళతో కూడా. ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను.

ఆ తర్వాత నాకు ఫోన్ అంటే పాము. మా ఆయనతో మాట్లాడుతున్నా ఎవరో మధ్యలో వింటున్నారని అనుమానం. అక్కడ వానలున్నాయా అని అడగడానికి కూడా భయపడ్డాను. ఉద్యోగం పోతుందా? మా ఆయన్ని పట్టుకుపోతారా? చిన్నోడికి నావల్ల ఏమైనా అవుతుందా? అత్త ముందు మాత్రం ఏమీ జరగనట్టే ఉన్నాను. ఆమె అడిగితే, బియ్యం కార్డు పని మీద వెళ్ళానని చెప్పాను.

అలా ఉన్నప్పుడు చిన్నోడి ఫోన్ వచ్చింది. ఎవరిదో నంబరు. అత్తకి ఫోన్ నొక్కడం రాదు, అందరి ఫోన్లూ నాకే వచ్చేవి. గొంతు తగ్గించి గబగబా మాట్లాడాడు.

"ఒదినా, ఎక్కువ మాటాడకూడదు. రేపు మద్యానం పలాస మీంచి ఎల్తన్నాం. అమ్మని టేసన్‌కి తీసుకురా. ఒక్కపాలి సూత్తాను. కోపం పోనాదని సెప్పు. ఇంకెవులికీ సెప్పకు."

నేను ఊఁ అన్నాను. ఊఁ అనే అన్నాను, ఒట్టు. ఫోన్ పెట్టేశాక ఆ నంబరు తీసేశాను. ఫోన్ ఆపేసి బియ్యం డబ్బాలో పెట్టాను. నా బుద్ధి చూడండి, బియ్యంలో పెడితే ఎవరికీ వినిపించదా? కానీ అప్పుడు నాకు అలాగే తోచింది. పొయ్యి దగ్గర కూర్చున్నాను. పక్కనే అత్త చింతపండు గింజలు తీస్తోంది. ఒక్క మాట చెబితే చాలు. ఆ ఒక్క మాటే చెప్పకూడదన్నారు. చెబితే ఈవిడ ఊరుకుంటుందా? వీధిలో కనిపించిన ప్రతివాళ్ళకీ చిన్నోడు వస్తున్నాడని చెబుతుంది. అది ఆ ఎస్సై చెవిన పడితే? ఈసారి మంచినీళ్ళు ఇస్తాడా?

రేపు చెబుదాంలే అనుకున్నాను. ఆటోలో చెబుదాం, పలాస వెళ్ళాక చెబుదాం, అప్పుడైతే ఎవరికీ చెప్పడానికి ఆమెకి టైముండదు అనుకున్నాను. నాకు నేను అలా నచ్చజెప్పుకున్నాను. మర్నాడు డయాలసిస్ రోజే. దేవుడు ఎంత తేలిక చేశాడో చూశారా. ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు, ఎవరినీ అడగక్కర్లేదు. ఆమె ఎలాగూ పలాసలోనే ఉంటుంది.

ఆటోలో చెప్పలేదు. ఆటోలో వేరేవాళ్ళున్నారు. ఆస్పత్రిలో చెప్పలేదు. మిషన్ మీద ఉన్న మనిషికి బీపీ పెరుగుతుందనుకున్నాను. మధ్యాహ్నానికి మిషన్ తీసేశారు. బయట బల్ల మీద కూర్చోబెట్టాను. సూదులు తీసిన చోట చేతికి కట్టిన గుడ్డ మీద వేలు పెట్టి నొక్కి పట్టుకుని ఉన్నాను. అప్పుడు కూత వినిపించింది. బండి నెమ్మదించి, ఇనుము ఇనుముని రాసుకునే చప్పుడుతో ఆగడం వినిపించింది. ఆ బల్ల దగ్గరనుంచి స్టేషన్‌కి ఆటోలో ఎంతసేపు? ఒక పాట అయ్యేలోగా వెళ్ళిపోవచ్చు. ఎదురుగా ఆటో ఉంది. డ్రైవరు బీడీ కాల్చుకుంటున్నాడు.

అత్త తల ఎత్తింది.

"ఓలే, అదేటి బండే?"

"గూడ్సు బండి, అత్తా."

"అలాగా. కూతేత్తే సాలు, నాకు సిన్నోడే ఒత్తన్నట్టుంటాది. పిచ్చిదాన్నయిపోనాను గావాల."

ఆమె చేతి మీద వేలు ఇంకా గట్టిగా నొక్కి పట్టుకున్నాను. నొప్పెడుతోందే అంది. బండి చాలాసేపు ఆగింది. చాలాసేపు. అది కదిలిపోతే బాగుండునని దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. కదిలింది. కూత దూరమైంది. అప్పుడు నాకు ఏం కలిగిందో చెప్పమంటారా? హమ్మయ్య అనిపించింది. గండం గడిచింది అనిపించింది. నా నోరు పడిపోను, అత్తకి ఇడ్లీ తినిపిస్తూ నవ్వాను కూడా.

సాయంత్రం ఫోన్ బియ్యంలోంచి తీసి ఆన్ చేశానో లేదో మళ్ళీ మోగింది. ముందు ఎత్తలేదు. ఆగకుండా మోగుతుంటే పెరట్లోకి వెళ్ళి ఎత్తాను.

"బండాగింది ఒదినా. చానాసేపాగింది. గుమ్మంలోనే నిలబడ్డాను. అందరోలమ్మలూ ఒచ్చారు. మాయమ్మేది?"

అందరి అమ్మలూ వచ్చారు. ఇప్పుడు ఏం చెప్పాలి? పోలీసులకి భయపడ్డానని ఫోన్‌లో ఎలా చెప్పను, వాళ్ళే వింటుంటే? వాళ్ళు వినడం లేదని నాకు ఇప్పుడు తెలుసు. వింటున్నా, ఒక తల్లి సంగతి వినడానికి వాళ్ళకి తీరికెక్కడిది? కానీ అప్పుడు నా నోటికి ఏది దగ్గరగా ఉంటే అది వచ్చేసింది.

"సెప్పాను బాబూ. రానంది. ఇంకా కోపంగానే ఉంది."

బండి చప్పుడు వినిపిస్తోంది. తర్వాత, సర్లే ఒదినా, జాగర్త, మాత్రలు ఎయ్యి, అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

నేను లోపలికి వచ్చేసరికి అత్త అడిగింది, ఎవులే అని. మా ఆయనే అన్నాను. చిన్నోడు ఫోనేమైనా చేశాడా అంది. లేదు అత్తా అన్నాను. ఇంకా అలకేలే, నా బిడ్డ, మొండోడు, అంది.

చూశారా, నేను ఏం చేశానో? ఒక రైలు సంగతి దాచమన్నారు. నేను ఒక తల్లినీ కొడుకునీ ఒకరినుంచి ఒకరిని దాచేశాను. రైలు సంగతి దాచమనడం ఎందుకో నాకు తెలియనిది కాదు. ఆ బండిలో ఉన్నది మా చిన్నోడే కదా, వాడు క్షేమంగా చేరాలనే కదా ఆ కట్టుదిట్టమంతా. దాన్ని నేనెలా తప్పుపడతాను? కానీ అబద్ధం ఆడమని ఏ సర్కారు చెప్పింది నాకు? కోపంగా ఉందని చెప్పమని ఏ ఎస్సై చెప్పాడు?

ఆ తర్వాత చిన్నోడి ఫోన్ పూర్తిగా ఆగిపోయింది. వాళ్ళు ఉన్నచోట ఫోన్లు తీసేసుకున్నారట. అత్త రోజూ అడిగేది. నేను రోజూ లేదనేదాన్ని. అది అబద్ధం కాకపోయినా నా నోట్లో అబద్ధంలాగే ఉండేది. చెప్పేద్దామని ఎన్నిసార్లు ఆమె మంచం దగ్గరికి వెళ్ళానో. ఆమె మొహం చూడగానే ఇంకొక భయం. ఈసారి పోలీసుల భయం కాదు. ఈమె నన్ను ఎలా చూస్తుందోనన్న భయం. అది మొదటిదానికంటే పెద్దది.

ఒకరోజు మిషన్ మీద ఉండగానే అత్తకి ఆయాసం వచ్చింది. ఇంటికి తీసుకురాలేకపోయాం. పోయేముందు నా పేరే పిలిచింది, కొడుకుల పేర్లు కాదు. దానికి ఊరంతా నన్ను ఎంత మెచ్చుకుందో. చిన్నోడికి కబురు అందేసరికి, అతను వచ్చేసరికి, పెద్దకర్మ కూడా అయిపోయింది. ఫొటో ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చాడు. తర్వాత నా వైపు తిరిగి, కోపం తగ్గకుండానే పోనాది కదా ఒదినా, అన్నాడు. అప్పుడైనా చెప్పొచ్చు కదా? యుద్ధం అయిపోయింది. లారీలు వెనక్కి వచ్చేశాయి. ఎవరికీ ఏ రహస్యమూ లేదు, నాకు తప్ప. మజ్జిగ కలిపి ఇచ్చాను.

అతను వెళ్ళాక అటక సర్దుతుంటే ఆ డబ్బా దొరికింది. కొబ్బరుండలు కారు వాసన వచ్చేశాయి. ఎవరూ చూడకుండా తోటలోకి తీసుకుపోయి గొయ్యి తవ్వి పూడ్చేశాను. డబ్బా తోమి బోర్లించాను. ఇప్పటికీ అందులో ఏమీ పోయలేదు.

ఆ రోజు స్టేషన్‌కి వెళ్ళిన పక్క ఊరి ఆమె ఒకసారి ఆస్పత్రి దగ్గర కనిపించి మాటల్లో చెప్పింది. ఎవరూ ఫోన్‌లో అనుకోలేదట. పొలం గట్ల మీద, నీళ్ళ కుళాయి దగ్గర, చెవిలో చెవిలో చెప్పుకుని వెళ్ళారట. ఎవరూ ఒక్క ఫొటో తీయలేదట. ప్లాట్‌ఫారం నిండా తల్లులేనట. ఎస్సై గారు కూడా ఉన్నారట. ఎవరినీ ఏమీ అనలేదు, బేగి బేగి ఇచ్చీండమ్మా అని ఆయనే మూటలు అందించారట. ఆమె అది నవ్వుతూ చెప్పింది. ఆయన ఎదట నిలబడి అత్త చేత డబ్బా ఇప్పించి ఉంటే, ఆయనే అందుకుని ఉండేవాడు.

మరి నేను భయపడింది ఎవరికి? నిజంగా భయమేనా? రాత్రింబగళ్ళు ఆమెకి సేవ చేసేది నేను, కూత వినిపిస్తే చిన్నోడేనేమో అనేది ఆమె. నా మనసులో ఎక్కడో ఒక చిన్న కసి కూడా ఉందేమో, ఒక్కసారి చూడకపోతే ఏమవుతుందిలే అని? లేదనే అనుకుంటాను. ఉందని కూడా అనుకుంటాను. దీన్ని ఎంత తవ్వినా అడుగు కనిపించడం లేదు.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, చిన్నోడికి పాప పుట్టింది. ఈ వారమే మా ఇంట్లో పేరు పెడతారు. మావైపు పోయిన నాయనమ్మ పేరు పెట్టడం ఆనవాయితీ. మా ఆయన అదే అన్నాడు. చిన్నోడు ఫోన్‌లో, ఆఖర్న నా మొకం సూడ్డానికి ఇష్టపడనామె పేరు వద్దన్నయ్యా, అన్నాడు. ఫోన్ స్పీకర్లో ఉంది. నేను పక్కనే కూర్చుని కందిపప్పు ఏరుతున్నాను. తర్వాత నాతో మాట్లాడుతూ నవ్వుతూనే ఇంకొక మాట చెప్పాడు. ఇప్పటికీ దిగే పని లేకుండా రైల్లో పోతూ పలాస వస్తోందంటే పైబెర్తు ఎక్కి అటు తిరిగి పడుకుంటాడట. ప్లాట్‌ఫారం చూడలేడట.

రేపు పలాసలో దిగుతున్నారు. ఈసారి నేను స్టేషన్‌కి వెళ్తున్నాను. చెబుతానా? తెలియదు. చెబితే పాపకి అత్త పేరు వస్తుంది, ఈ ఇంట్లో నా పేరు పోతుంది. చెప్పకపోతే అత్త మళ్ళీ పోయినట్టే, ఈసారి నా చేతుల్లో. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సినవాళ్ళు మీరు కాదు. వాళ్ళలో ఒకరు లేరు, ఒకరికి తెలియదు. మీరు విన్నారు, అంతే. దానికే కాస్త ఊపిరి ఆడుతోంది.

ఇంతవరకు రాసి పెన్ను కింద పెట్టాను. అత్త ఫొటో ముందుకి వెళ్ళాను.

"అది గూడ్సు బండి కాదు, అత్తా. సిన్నోడి బండి," అన్నాను.

ఇన్నేళ్ళలో ఈ మాట నోటితో అనడం ఇదే మొదలు. ఇంట్లో ఎవరూ లేరు. అయినా ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూశాను. తర్వాత ఇంకొకసారి అన్నాను, కొంచెం గట్టిగా.